పూత పాఠం

మార్కాపురం పళ్ల డాక్టరు షంషుద్దీన్ గారికి ఒకటే పిచ్చి: పూత. దవడలో బిగించే టైటానియం మేకు మీద ఉండే సిరామిక్ నానో పూత. ఆయన కుర్చీలో కూర్చున్నవాళ్లెవరూ ఆ పాఠం వినకుండా లేచింది లేదు. విచిత్రం ఏమిటంటే, అంత ఇష్టమైన పాఠాన్ని ఆయన ఒక్కనాడూ సరిగ్గా చెప్పడు.

పదకొండేళ్లుగా అక్కడ నర్సుగా ఉన్న కేథరిన్‌కు అది కంఠతా వచ్చు. ఎముకలో టైటానియం మేకు బిగిస్తారు. దాని మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పూత ఉంటుంది. ఎముకలో ఉండే పదార్థమే పూతలోనూ ఉంటుంది కాబట్టి, ఎముక దాన్ని పరాయిదనుకోకుండా గట్టిగా పట్టుకుంటుంది. మూడు నాలుగు నెలలకు పైన పన్ను కూర్చోబెడతారు. ఇంతే. గోడ మీద బొమ్మల పటం కూడా ఉంది. డాక్టరు గారు మాత్రం ఒకరోజు పూతను నాలుక మీద పూస్తారు, ఇంకోరోజు ఎముకనే మేకులో బిగిస్తారు.

ముందు పళ్లు ఊడిన పొదిలి కందుల వ్యాపారి ఒకాయన పాఠం విని బయటికొచ్చి, రుమాలు జేబులో పెట్టుకుంటూ కేథరిన్‌ను అడిగాడు.

"ఏంది మేడం, సారు నిజంగా చదివినాడా?"

"గోల్డ్ మెడల్ అన్నా."

"ఏంట్లో?"

ఒకరోజు యర్రగొండపాలెం నుంచి ఇందిరమ్మ తన భర్త రాజరత్నం మాస్టారును వెంటబెట్టుకొచ్చింది. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. చర్చిలో పాటలన్నీ ఆయనే ఎత్తుకునేవాడు. దోర్నాల దారిలో బండి మీది నుంచి పడి పైపళ్లు నాలుగు పోయాయి. అప్పటి నుంచి నోటికి తువ్వాలు, చేతిలో పలక.

"మూడు వారాలాయె సార్, నోరు తెరవలే," అంది ఇందిరమ్మ. "చర్చికి రానంటాడు. ఏం కావాలన్నా పలక మీద రాస్తాడు. నిన్న రసంలో ఉప్పు లేదని రాసి, కింద సంతకం గూడా పెట్టినాడు."

"నోరు తెరవండి మాస్టారూ," అన్నాడు డాక్టరు.

'తెరవను' అని రాశాడు మాస్టారు.

డాక్టరు టార్చి పక్కన పెట్టి పాఠం ఎత్తుకున్నాడు. "ముందు సిరామిక్ మేకు బిగిస్తాం మాస్టారూ. దాని మీద టైటానియం పూస్తాం."

"తిరగబడింది సార్," అంది కేథరిన్.

"అట్లనా? సరే, ఆ పూత ఇటుకంత మందం ఉంటది."

మాస్టారు గోడ మీది పటాన్ని చూశాడు. డాక్టరును చూశాడు. పలక మీద పెద్దక్షరాలతో 'తప్పు' అని రాశాడు.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అద్దాలు లేకుంటే కనపడదు నాకు. ఏం రాసినారు, బాగుందనా?" అన్నాడు. "ఇంకా వినండి. ఆ పూతను చూసి ఎముక భయపడి దూరం జరుగుతది."

ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన ప్రాణం ఇక ఓర్చుకోలేకపోయింది. తువ్వాలు జారి ఒళ్లో పడింది.

"మేకు టైటానియం. పూత సిరామిక్. ఎముక దూరం పోదు, పట్టుకుంటది. నువ్వు పరీక్ష ఎట్ల పాసైనావయ్యా?"

ప్రతి మాట వెంట ఈల వచ్చింది. హాల్లో కూర్చున్నవాళ్లంతా విన్నారు. మాస్టారుకు ఆ ధ్యాసే లేదు. ఇందిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంకొకసారి చెప్పండి మాస్టారూ, బుర్రకెక్కలే," అని డాక్టరు వినయంగా టార్చి వెలిగించాడు. మాస్టారు రెండోసారి చెప్పి ముగించేలోగా నోరంతా చూడటం అయిపోయింది.

నాలుగు నెలలకు ఆయన కొత్త పళ్లతో చర్చిలో పాట ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత ఒంగోలులో పళ్ల డాక్టర్ల సభ జరిగింది. ఎక్స్‌రేలు పట్టుకుని కేథరిన్ కూడా వెళ్లింది. అక్కడ షంషుద్దీన్ గారు పూత మీద గంటసేపు మాట్లాడారు. అది ఎంత పలచనైతే నిలుస్తుందో, ఎక్కడ మందమైతే పెచ్చులూడుతుందో, కాగితం చూడకుండా చెప్పారు. ఒక్క తప్పు లేదు.

తిరిగొచ్చేటప్పుడు పొదిలి దాటాక కేథరిన్ ఉండబట్టలేక అడిగింది.

"ఆడ సభలో అంతా సరిగ్గా చెప్పినారే సార్? మన దగ్గర ఎందుకట్ల తప్పులు పోతాయి?"

"ఆడ అందరికీ పళ్లు ఉండాయి కదమ్మా," అన్నాడాయన.

కేథరిన్‌కు పదకొండేళ్ల రుమాళ్లు, కొంగులు, తువ్వాళ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాఠం మొదలయ్యేటప్పుడు అన్నీ మూతుల మీదే ఉండేవి. తప్పులు దిద్ది ముగించేసరికి ఒక్కటీ ఉండేది కాదు.