నోటుబుక్కులో లేని కాకి

మా అమ్మాయి కోసం ఆయాని వెతికిన రెండు నెలల్లో ఆయా దొరకలేదు గానీ ఆయాసం మాత్రం దొరికింది. బళ్ళో పిల్లలకి సంధులు చెప్పేదాన్ని, ఇంటికొచ్చిన ఒక్క మనిషితోనూ సంధి కుదుర్చుకోలేకపోయాను.

పాపకి ఆరేళ్ళు. నడవదు, మాట్లాడదు, మెడ ఎక్కువసేపు నిలపలేదు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమైంది. మొన్నటిదాకా దాన్ని మా అమ్మ చూసుకునేది. వేసవిలో ఓ రోజు పాపని కుర్చీలోంచి ఎత్తబోయి అమ్మకి నడుం పట్టేసింది. ఇక బరువులెత్తకూడదన్నారు. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ బొబ్బిలిలో తన ఇంటికి వెళ్ళింది. నేను సెలవు పెట్టాను. ఉన్న రకాల సెలవులన్నీ అయిపోయాక, సోమవారం బళ్ళో చేరడమా, ఉద్యోగం మానుకోవడమా అన్న చోటికి వచ్చి ఆగాను. మా ఆయనది కరెంటు ఆఫీసు. గాలివాన వస్తే ఆయన స్తంభాల దగ్గర ఉంటారు, రాకపోతే రాబోయే గాలివాన ఏర్పాట్లలో ఉంటారు. అందుకని రాజీనామా ఉత్తరం ముందే రాసి బీరువాలో పెట్టుకున్నాను. తెలుగు టీచర్ని కదా, మూడుసార్లు తిరగరాశాను. మూడోసారికి కామాలు కూడా ఎక్కడివక్కడ చక్కగా కూర్చున్నాయి.

ఆయాలు నిలవకపోవడంలో తప్పు నాదే. మొదట వచ్చినామెతో ఇలా చెప్పాను: "మా పాప చాలా నెమ్మదండీ. కూచోబెట్టిన చోటే కూచుంటుంది. పరిగెత్తదు, ఎదురు చెప్పదు." ప్రతి మాటా నిజమే, మొత్తం కలిపితే అబద్ధం. ఆమె లోపలికెళ్ళి పాపని చూసి, బయటికొచ్చి నన్ను చూసింది. చెప్పులు వేసుకుంది.

ఆ సిగ్గుతో రెండో ఆమెకి అంతా చెప్పేద్దామనుకున్నాను. నోటితో చెబితే మళ్ళీ తియ్యగా చెప్పేస్తానని రాశాను. రాయడం మొదలెడితే ఆపడం నాకు రాదు. రెండొందల పేజీల నోటుబుక్కులో ముప్పావు వంతు నిండింది. అన్నం ఎంత మెత్తగా ఉండాలి, తల ఎంత వాల్చాలి, మూర్ఛ వస్తే ఏం చెయ్యాలి, ఏ దుప్పటి గుచ్చుకుంటుంది. మొదటి పేజీలో మొదటి మాట, "హఠాత్తుగా పెద్ద శబ్దం చెయ్యరాదు" అని, ఎర్ర సిరాతో రెండు గీతలు. చప్పుడైతే పాప చేతులు విసిరేసి కొయ్యలా బిగుసుకుపోతుంది. నోట్లో ముద్దుంటే మరీ ప్రమాదం.

మా ఆయన ఆ పుస్తకాన్ని చేత్తో తూచి చూశారు. "ఇది ఆయా పనికా, ఐఏఎస్ పరీక్షకా?"

రెండో ఆమె చదువుకున్న మనిషి. కాఫీ తాగుతూ పదకొండో పేజీ దాకా చదివింది. "మేడం, ఇవన్నీ తప్పకుండా జరగాలంటే మీరే ఇంట్లో ఉండాలి" అంది. గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. అంత మర్యాదగా నన్నెవరూ కాదనలేదు.

మూడో ఆమె సంగతి మా వీధికి చేపలు తెచ్చే మనిషి చెప్పింది. "మా ఒదినున్నాది టీచరమ్మా. కళింగపట్నంలో సేపలెండబెట్టీది. మోకాళ్ళు పోయి ఇసకలో తిరగనేకపోతంది. కూకుని సేసీ పనైతే సేస్తాది."

శనివారం పొద్దున్న బస్సుకి ఆమె శ్రీకాకుళం వచ్చింది. యాభై దాటిన మనిషి, నాకన్నా పెద్దది. మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచాను.

"గుంటెక్కడ?" అంది గుమ్మంలోనే.

మా వైపు ఆడపిల్లని గుంట అనడం మామూలే. కానీ మా ఇంట్లో మేము పాప అన్న మాటనే, ఎవరో నిద్రలేస్తారన్నట్టు మెల్లగా అనేవాళ్ళం. ఆమె మోకాళ్ళ మీద చేతులేసుకుని, ఒక్కో కాలూ మడుచుకుంటూ పాప కుర్చీ ముందు కూలబడింది.

"మాటల్రావా?"

"రావు."

"నడవదా?"

"నడవదు."

"దొడ్డికెలగ?"

"డైపర్లే."

"మూర్సొస్తాదేటి?"

"రెండేళ్ళ కింద వచ్చేది. మందు వేస్తున్నాం, ఇప్పుడు లేదు."

"అయితే సరే."

మా అమ్మాయి గురించి అంత చిన్న వాక్యాల్లో నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పేశాక చూసుకుంటే ఇంటి కప్పు పైనే ఉంది, పడలేదు. అయినా బుద్ధి పోనిచ్చుకోక నోటుబుక్కు తెచ్చి చేతికిచ్చాను.

"నాకు సదువు రాదు. నువ్వు సదువు, ఇంటాను" అని కాళ్ళు బారచాపుకుంది.

చదివాను. బళ్ళో పద్యం చదివినంత శ్రద్ధగా చదివాను. ఆమె ఎక్కడా అడ్డురాలేదు, ఆవులించలేదు. మా ఆయన మాత్రం మధ్యలో లేచి స్నానం చేసొచ్చారు.

"అయిపోనాదా?"

"అయిపోయింది."

"ఇందల ఏటి సెయ్యకూడదో ఉన్నాది టీచరమ్మా. ఏటి సేస్తే గుంట నవ్వుతాదో నేదు."

నేను పేజీలు తిప్పాను. ఎక్కడో ఉండే ఉంటుందని నిజంగానే వెతికాను. నూటయాభై పేజీలు రాసినదాన్ని, ఆ ఒక్కటీ రాయలేదు. రాయకపోవడం కాదు, నాకు తెలియదు. గత రెండు నెలల్లో పాప ఎప్పుడు నవ్విందో గుర్తు తెచ్చుకోబోతే మందులు వేసిన వేళలే గుర్తొచ్చాయి.

"కరెంటు పోతే కొంచెం నవ్వుతుంది" అన్నారు మా ఆయన తుండుతో తల తుడుచుకుంటూ. ఫ్యాను ఆగడం దానికి సరదా. ఆ శాఖలో పనిచేస్తూ ఆయన ఈ సంగతి ఇంతకాలం దాచారు.

మధ్యాహ్నం బాల్కనీలో పాపకి అన్నం పెట్టడానికి ఆమే కూర్చుంది. నేను వెనకాలే నిలబడ్డాను, పరీక్ష హాల్లో నిలబడే అలవాటుతో. మూడో ముద్ద మింగే దాకా ఆగి, నోరు ఖాళీ అయ్యిందో లేదో చూసుకుని, నాలుగో ముద్ద కలుపుతుండగా కాకి ఒకటి కమ్మీ మీద వాలింది. పప్పన్నం వైపు మెడ వంకరగా పెట్టి చూసింది.

"హోయ్... హా."

రాసేటప్పుడు ఇంతే గానీ, ఆమె వేసింది ఇంట్లో వేసే కేక కాదు. సముద్రం హోరులో ఇవతలి చివర నుంచి అవతలి చివరకి వినబడాల్సిన కేక. పక్క వాటాలో ఎవరో గిన్నె జారవిడిచారు. పాప చేతులు రెండూ గాల్లోకి లేచి బిగుసుకుపోయాయి. నేను పరిగెత్తాను. ఈమె కూడా అయిపోయింది, సోమవారమూ అయిపోయింది అనుకున్నాను.

పాప దగ్గరికి వెళ్ళేసరికి దాని గొంతులో ఏదో చప్పుడు. పొలమారిందని వీపు మీద చెయ్యి వేశాను. పొలమారడం కాదు. నవ్వు. పొట్ట కదిలేలా నవ్వుతోంది.

"చప్పుళ్ళంటే భయం అప్పా దానికి" అన్నాను, కళ్ళ ముందున్నది చూస్తూనే.

"ఒస్తాదని తెలకపోతే నాకూ బయమే" అంది ఆమె. "ఇప్పుడు సూడు."

కాకి మళ్ళీ వచ్చింది. ఆమె వెంటనే అరవలేదు. పాప చెవి దగ్గర, "ఒస్తన్నాది... ఒస్తన్నాది... ఆ దొంగ ముండ ఒస్తన్నాది" అని గుసగుసలాడింది. పాప ఊపిరి బిగబట్టింది. ఈసారి కేక పూర్తవకముందే నవ్వు వచ్చేసింది. చేతులు లేచాయి గానీ బిగుసుకోలేదు.

"ముప్పయ్యేళ్ళు సేపలెండబెట్టినాను. ఎండబెట్టీది ఎండే, మన పనల్లా కాకిని అదిలించడం" అంటూ ముద్ద అందించింది. పాప నోరు తెరిచింది. గంట పట్టే భోజనం అరగంటలో అయిపోయింది.

వెళ్ళేటప్పుడు షరతులు ఆమే చెప్పింది. "ఆదోరం సర్చి, రాను. సోమారం నుంచొస్తాను. అరిసీది అరుస్తాను. ఆ బుక్కు ఒప్పుకోకపోతే ఇప్పుడే సెప్పీ."

"బుక్కుకి నేను నచ్చజెబుతాను" అన్నాను.

ఆదివారమంతా నేను బాల్కనీలో ‘హోయ్’ సాధన చేశాను. కాకి కదల్లేదు. పాప నావైపు కొంచెం జాలిగా చూసింది. మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, పేపరు వణకడం కనిపిస్తూనే ఉంది.

సోమవారం ఏడున్నరకి రావలసిన మనిషి ఎనిమిదైనా రాలేదు. చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, బీరువా తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎనిమిదీ పదికి వీధి మలుపులో కనబడింది, కుంటుకుంటూ, దారి పొడుగునా బస్సుని తిడుతూ. "నువ్వింకా ఎల్లనేదేటి?" అని ఉల్టా నన్నే దబాయించింది. తాళం యథాస్థానంలో తగిలించి ఆటో ఎక్కాను.

బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టగానే ఫోన్ చేశాను.

"ఏటి?"

"పాప తింటోందా అప్పా?"

"తింటన్నాది. నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు."

"మరి ఆ పని సూసుకో" అని పెట్టేసింది. పెట్టేసేలోగా వెనకాల కాకి, దాని వెనకాల నవ్వు వినబడ్డాయి. నా క్యారేజీ తెరిచాను. చాలా రోజుల తర్వాత పులుసులో ఉప్పు తక్కువైందని తెలిసింది, అంటే రుచి తెలిసింది.

నోటుబుక్కు పారెయ్యలేదు. మూర్ఛ వస్తే చెయ్యవలసినవి ఆమెకి నోటికి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను, తిరిగి చెప్పించుకున్నాను. మొదటి పేజీలో ఎర్ర గీతల కింద "చెప్పి అరవవచ్చు" అని చేర్చాను. రాజీనామా ఉత్తరం కూడా బీరువాలోనే ఉంది. అంత బాగా కుదిరిన కామాల్ని చింపబుద్ధి కాలేదు.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి ఎలా వచ్చానో చెప్పి ఆపుతాను. పాప ఏడ్చి ఉంటుందని, నన్ను చూడగానే పెదవి విరుస్తుందని దారంతా దానికి చెప్పవలసిన ఓదార్పు మాటలు కూర్చుకున్నాను. బాల్కనీలో ఆమె, పాప పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరూ కమ్మీ వైపే చూస్తున్నారు. "అమ్మ వచ్చిందే" అన్నాను. పాప కళ్ళు ఒక్కసారి నావైపు తిరిగాయి, నేను కాకిని కాదని చూసుకుని వెనక్కి వెళ్ళిపోయాయి.

లోపలికొచ్చి సంచి దించి, సోఫాలో చేరబడ్డాను. నన్నెవరూ పట్టించుకోకపోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు. చీరైనా మార్చుకోకుండా అక్కడే నిద్రపోయాను.