లిఫ్టు జారినప్పుడు అర్థమైన రిలేటివిటీ

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. బంద్ రోజున కూడా నాలుగో అంతస్తులో క్లాసు పెట్టాను. జెండాలతో ముగ్గురు యువకులు వచ్చారు.

"మేడం, బంద్ ఉన్నది. జర క్లాస్ ఆపుండ్రి."

"ఈ ఒక్క ముక్క చెప్పేసి ఆపుతాను," అని బోర్డు వైపు తిరిగాను. "పడిపోతున్న లిఫ్టులో మన బరువు మనకు తెలియదు, గ్రావిటీ లేనట్టే ఉంటుంది. ఆ చిన్న చోట, ఆ కాసేపూ స్పెషల్ రిలేటివిటీ చాలు. గ్రావిటీని లెక్కలోకి తేవాలంటే జనరల్ రిలేటివిటీ కావాలి."

"గట్లయితే స్పెషల్ తప్పా మేడం?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"తప్పు కాదు. జనరల్ దాన్ని తనలో కలుపుకుంది."

పిల్లల్ని పంపేసి ఆ ముగ్గురితోనే లిఫ్టెక్కాను. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఒక్కసారిగా జారింది. కాళ్లు తేలిపోయాయి. చచ్చామనుకున్నాను. అంతలో బ్రేకు పట్టి ఆగింది. చూస్తే, క్లాసులో ప్రశ్న అడిగిన కుర్రాడి జెండా కర్రను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను.

"జారినప్పుడు మనం గా స్పెషల్లనే ఉన్నమా మేడం?" అన్నాడతను.

"బ్రేకు పడేదాకా," అన్నాను, కర్ర వదలకుండానే.

ఇప్పటికీ బోర్డు మీద లిఫ్టు గీస్తే లోపలి మనిషి చేతికి ఒక కర్ర ఇస్తాను. అదీ మనతోపాటే పడుతుంటుంది, ఆసరా కాదు. అయినా పట్టుకుంటాం.