మా మేనమామ దవడ

మా మేనమామ పోయిన సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఫోన్‌లో అత్త అన్నది ఒక్కటే మాట: "మీ మామ మాట్లాడుతలేడే, బిడ్డా." మా మామ మాట్లాడకుండా ఉండటం అది రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో మీకు చెప్పాలి. ఆయన ఉంటే తానే చెప్పేవాడు, మీరు వద్దన్నా వినకుండా.

వయసులో ఉండగానే తెలంగాణ నుంచి సూరత్ వచ్చి సాంచల షెడ్డులో మేస్త్రి అయ్యాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. రోజంతా వాటి మోతలో అరిచి అరిచి, ఇంట్లో కూడా అదే గొంతు. మంచినీళ్లు అడిగితే, అత్త లేచేలోగా పక్కింటి గుజరాతీ ముసలమ్మ చెంబుతో గుమ్మంలో ఉండేది. పాపం, ఆమెకు వచ్చిన తెలుగల్లా ఆ నీళ్లే.

ఆయన గర్వమంతా నూనె. "నా సాంచ మీద జంగు సూపెట్టు, మీసం తీయించుకుంట" అనేవాడు. జంగు అంటే తుప్పు. షెడ్డులో ఎవరికి ఇనుము గీసుకున్నా ఆ మిషను నూనె రెండు చుక్కలు గాయం మీద పోసి మళ్లీ పనిలోకి తోలేవాడు. ధనుర్వాతం తుప్పు పట్టిన ఇనుముతోనే వస్తుందని మావాళ్ల నమ్మకం. నూనెలో నానే ఇనుముకు తుప్పు రాదు, కాబట్టి మాకు సూది అక్కర్లేదు. ఎంత ముద్దుగా కుదిరిందో చూడండి! అసలు సంగతి ఇంకోటి ఉంది. అంత మనిషికీ సూదంటే చచ్చేంత భయం.

ఒకరోజు షెడ్డులో వట్టి కాళ్లతో తిరుగుతుంటే సన్నటి తీగముక్క అరికాల్లో లోతుగా దిగింది. పీకేసి, నూనె పూసి, మరిచిపోయాడు. వారం దాటాక అన్నం ముద్ద నోట్లోకి పోవడం లేదన్నాడు. పన్ను నొప్పి అనుకున్నాం. మర్నాటికి దవడలు బిగుసుకుపోయాయి, మెడ తిరగలేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ అరికాలు చూసి, టీకా ఎప్పుడు వేయించుకున్నాడని అడిగింది. అత్త తల దించుకుని జంగు సంగతి చెప్పింది. "జంగుతో పనేం లేదమ్మా" అంది డాక్టరమ్మ హిందీలో. "ఆ క్రిమి మట్టిలో, దుమ్ములో, పేడలో ఉంటుంది. లోతు గాయంలో గాలి తగలదు కదా, అక్కడ పెరిగి విషం పుట్టిస్తుంది. బతికించడానికే చూస్తున్నాం."

చీకటి గదిలో ఉంచారు. చిన్న చప్పుడైనా ఒళ్లంతా విల్లులా వంగిపోయేది. ఎవరూ చప్పుడు చేయొద్దన్నారు. చెప్పింది ఎవరికి? సాంచలవాళ్లకి! సూరత్‌లోని పాండేసర నుంచీ, ఊరవతలి కిమ్ నుంచీ చూడవచ్చినవాళ్లలో ఒక్కడికీ మెల్లగా మాట్లాడటం రాదు. గుసగుసలాడినా వరండా అంతా వినబడేది. అత్త తలుపు దగ్గర నిలబడి అందరి నోళ్లూ మూయించింది. చివరికి షెడ్డు మోతలో వాడే చేతిసైగలే గతి అయ్యాయి. ఎలా ఉన్నాడని అడగడానికి, తెగిన దారం అతికిందా అనే సైగ చేసేవాళ్లు. ఇంకా లేదని అత్త చెయ్యి ఊపేది.

వారాలు గడిచాక ఒక పొద్దున ఆయన ఆవలించాడు. నోరు పూర్తిగా తెరిచి, లోపలి పుచ్చుపన్ను కూడా కనబడేలా. అత్త నవ్వుతూ ఏడ్చింది, నేనూ అంతే. మనిషి ఆవలిస్తే అంత అందంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ టీకా వేయాలంది. మామ అదిరిపోయాడు. "రోగమే వచ్చిపోయింది గద మేడం, ఇంక సూదేంది?" అన్నాడు. ఈ జబ్బు ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్లీ రాకుండా పోదట. టీకా ఒక్కటే దిక్కట. కళ్లు గట్టిగా మూసుకుని, అత్త చెయ్యి నలిపేస్తూ వేయించుకున్నాడు. నర్సు అయిపోయిందంటే నమ్మలేదు. "గింతేనా? గిదానికి భయపడేనా నేను సావబోయింది?"

ఇక గల్లీలో ఎవరినీ వదల్లేదు. "సాంచకు నూనె యేస్తవు, నీకు సూది యేయించుకోవా? నడువ్!" అని స్కూటర్ ఎక్కించుకునేవాడు. వెనక కూర్చున్నవాడికి దారంతా అరికాలి కథ. చిన్నప్పుడు వేసిన సూది చాలనుకున్న పెద్దవాళ్లనూ లాక్కెళ్లేవాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు నన్నూ తీసుకెళ్లాడు. "గిది నీ ఒక్కదానికే గాదు, పుట్టేటోళ్లకు గూడ" అన్నాడు. నాకు సూది వేస్తుంటే కళ్లు మూసుకున్నది మాత్రం ఆయనే. అలాంటి మేనమామ దొరకడం నా అదృష్టం.

సోమవారం మేం చేరేసరికి ఆయన్ని కింద పడుకోబెట్టారు. పోయినవాళ్ల నోరు తెరుచుకోకుండా గడ్డం కింది నుంచి తల మీదికి గుడ్డ కడతారు మావాళ్లు. ఆయన అన్న, మా పెద్దమామ, తెల్లగుడ్డ చింపి వంగాడు. అత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు బావా. ఆ దవడలు ఒక్కసారి బిగుసుకున్నయ్, సాలు. తెరిచే ఉండనీ."

పెద్దమామ ఆ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. సాంచలన్నీ ఆపేసిన గల్లీలోంచి మా మామ, కథ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినవాడిలా, నోరు కాస్త తెరుచుకునే వెళ్లాడు.