బావ పొగమంచు లైట్లు

కారు లైట్లు తుడిచే రుమాలు చూస్తే మా బావ గుర్తొచ్చి నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఆయన కొత్త పొగమంచు లైట్లకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, సూర్యాపేట బజారులో సాయంత్రం పూటే వెలిగించేవాడు. ఆ వెలుగుకు దూరాన మోతె ఊళ్లో కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి.

నిజంగా మంచు కమ్మిన ఒక ఉదయం, మిర్యాలగూడ దారిలో మాత్రం వాటిని ఆపేసి, పెద్ద లైట్లు వేశాడు. మంచు తెల్లగోడలా ఎదురొచ్చింది.

"బావా, పెద్ద లైట్లు తగ్గించి కింది మంచు లైట్లు ఎయ్యి. జర నిమ్మళంగ పో," అన్నాను.

"కొత్తయిరా, మంచుల ఖరాబైతయి."

కారు రోడ్డు మీద ఆరబోసిన వడ్లలోకి దూసుకుపోయింది. కాపలా ఉన్న ముసలాయన పక్కకు దూకి పడ్డాడు.

బావ దిగి, "ఏమన్న తాకిందా?" అని అడిగాడు.

"తాకలే బిడ్డా," అన్నాడు ముసలాయన లేస్తూ.

"నీకు గాదు, లైటుకు," అన్నాడు బావ, బొట్టు చెరగకుండా రుమాలుతో తుడుస్తూ.