మూపురం ఉన్న డాల్ఫిన్

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి క్షీరదాల్ని చూడటం. పులులూ సింహాలూ కావు. వెంకటాచలం పొలాల్లో ముంగిసలు, కాలువల్లో నీటికుక్కలు, అదృష్టం బాగుంటే ఒక నక్క. నెల్లూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఏళ్ల తరబడి జువాలజీ చెప్పినవాణ్ణి కనుక, చూసినదాని శాస్త్రీయ నామం రాసుకోకపోతే నాకు అన్నం సహించదు. తీరా రాసుకున్నాక ఆ పేరు మారిపోతుంది. ఆమధ్య ముంగిసకు ఇంటిపేరే మార్చేశారు. "పాపం, దానికి తెలుసో లేదో" అని మా ఆవిడ నవ్వింది. నేను మాత్రం నోటుబుక్కులో పాత పేరు కొట్టేసి కొత్తది రాశాను.

అలా కొత్త వర్గీకరణలు చదువుతుంటే ఒకరోజు నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. ఒకే జాతి అనుకున్న ఒకరకం డాల్ఫిన్‌ను నాలుగు జాతులుగా విడదీశారట. మన సముద్రం వైపు తిరిగేదానికి వీపు మీద మూపురం ఉంటుందట.

ఆ మూపురాన్ని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే చూశాను, విడవలూరు వైపు నుంచి వచ్చే ఒక జాలరి అమ్మాయి రికార్డు బుక్కులో. "డాల్ఫిన్‌కు మూపురమేంటమ్మా, మడక కట్టి దున్నుతావా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పేజీ చించేసి, పుస్తకంలో ఉన్నట్టే గీసుకురమ్మన్నాను. మర్నాడు నున్నటి వీపుతో గీసుకొచ్చింది, సంతకం పెట్టాను. మాది వరి పండించే ఇల్లు. ఎద్దు మూపురం తప్ప నేనెరగను. డాల్ఫిన్‌ను కళ్లతో చూసిన పాపాన పోలేదు.

ఆ అమ్మాయిని క్షమాపణ అడగకపోతే మనసు కుదుటపడదనిపించి బస్సెక్కాను. ఆమె ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే సముద్రం ఒడ్డున ఐసు దుకాణం నడుపుతోంది.

"సార్! మీరేంది ఇట్టొచ్చినారు?"

విషయం చెప్పాను. ఆమె నవ్వేసింది.

"నాకేం బాధ లేదు సార్, మార్కులేసినారు గదా. ఆ బొమ్మ మా నాయన చెప్తా ఉంటే గీసినా. పేజీ చించినారని తెలిసినాక ఆయన మళ్లా సముద్రం సంగతి నాకు ఒక్కటీ చెప్పలా. అదో, వల కుట్టుకుంటా ఉండాడు. ఆ మాటేదో ఆయనకి చెప్పండి."

వెళ్లి ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. "ఆ పేజీ చించిన సారును నేనే. డాల్ఫిన్ మూపురం గురించి మీరు చెప్పిందే నిజం. ఇప్పుడు పుస్తకాల్లో కూడా రాశారు. తప్పు నాది" అన్నాను.

ఆయన చేతిలో సూది ఆగిపోయింది.

"నిజంగానా సారూ? పుస్తకంలో లేదంటే నా కండ్లే మోసం జేసినాయనుకున్నా. అప్పట్నించీ అది పడవ పక్కకొస్తే మొకం తిప్పుకుంటా ఉండా."

నేను చించింది ఒక్క పేజీనే అనుకున్నాను. ఇంతలో ఆయన లేచి నిలబడి కేకేశాడు. "ఒరే, ఇట్రాండిరా! సారు ఏం చెప్తా ఉండాడో ఇనండి!"

పడవల దగ్గరున్న వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వచ్చిన ప్రతివాడికీ నాతో మొదటి నుంచీ చెప్పించాడు. చివర్లో ప్రతిసారీ "తప్పెవరిది సారూ?" అని ఆయనే అడిగాడు. ప్రతిసారీ అందరికీ వినబడేలా "నాదే" అన్నాను.