పడమటి గది హక్కు

ఫెస్టస్ హాన్లీ మేయో జిల్లాలో ఒక వకీలు ఆఫీసులో ఇరవై నాలుగేళ్ళుగా గుమాస్తా. తన పేరన సెంటు భూమి లేదు. ఒక వితంతువు ఇంట్లో మేడమీది గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. అయినా చుట్టుపక్కల పదహారు గ్రామాల్లో ఏ పొలం ఎవరిదో, దాని మీద మరెవరికి ఏ హక్కు ఉందో అతనికి కంఠతా వచ్చు. జమీందార్ల భూములను రైతులు కొనుక్కుంటున్న కాలమది. కొన్న ప్రతి కమతానికీ ప్రభుత్వ రిజిస్టరులో ఒక పుట ఏర్పడేది. దాన్ని ఫోలియో అనేవారు. రైతు అందులో తన పేరు చూసుకుని మురిసిపోయేవాడు. ఫెస్టస్ మాత్రం ముందుగా పుట అడుగుకు చూపు దించేవాడు. భూమి మీది భారాలు రాసేది అక్కడే.

గిల్డియా వారి ఫోలియో అడుగున వాళ్ళ అమ్మాయి సబైనా పేరు ఎక్కించింది అతడే. ఆమె తండ్రి ఏడేళ్ళ క్రితం చనిపోతూ పొలం కొడుకు ల్యూక్‌కు ఇచ్చి, కూతురికి ఆ ప్రాంతపు ఆనవాయితీ ప్రకారం పడమటి గదీ, పొయ్యి పక్కన చోటూ, ఒక ఆవుకు మేతా పెళ్ళయ్యేదాకా ఉండాలని వీలునామా రాశాడు. నకలు రాస్తున్నప్పుడు ‘పెళ్ళయ్యేదాకా’ అన్న మాట దగ్గర ఫెస్టస్ కలం ఆగింది. బడి రోజుల నుంచీ అతని మనసు సబైనా మీదే. ఆమెను అద్దె గదిలోకి రమ్మనడానికి నోరు రాక, రేపు మాపు అనుకుంటూనే నలభై నాలుగేళ్ళవాడయ్యాడు.

1911 అక్టోబరులో ల్యూక్‌కు సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి పెట్టిన షరతు ఒక్కటే: ఫోలియో మీద మరొకరి హక్కు ఉండరాదు. సబైనా గది వదులుకుంటే ముప్ఫై పౌండ్లూ, డబ్లిన్‌లో ఒక దొరసాని ఇంట వంటపనీ దొరుకుతాయి. సంత రోజున అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆఫీసుకు వచ్చారు. వకీలు క్రాంప్టన్ దొర కోర్టుకు వెళ్ళినందువల్ల దస్తావేజు చదివి వినిపించే పని ఫెస్టస్‌పై పడింది. అలవాటు చొప్పున ఒకసారి చదివి, రెండోసారి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“చాల్లేవయ్యా, ఫాదర్ గారి ప్రసంగంలా సాగదీస్తున్నావ్,” అన్నాడు ల్యూక్. “బయట గుర్రం తడిసి ముద్దవుతోంది.”

“దానికి గది లేదు కాబట్టి తడుస్తోంది,” అంది సబైనా. “ఇకమీద నేనూ అంతేగా.”

ల్యూక్ పగలబడి నవ్వాడు. “అసలీ ముప్ఫై పౌండ్లూ దండగే. రాతలో పెళ్ళయ్యేదాకా అనేగా ఉంది! నువ్వే దీన్ని చేసేసుకో ఫెస్టస్, గది పైసా ఖర్చు లేకుండా నా చేతికొస్తుంది. బ్రహ్మచారివి, పైగా చేతిరాత బాగుంటుంది. ఇంకేం కావాలి?”

ఫెస్టస్ చెవులు కాలిపోయాయి. తాను ఏళ్ళ తరబడి దాచుకున్న మాటను, అవతలివాడు తనకు కలిసొచ్చే బేరంగా బల్లమీద పడేశాడు.

“ఏం హాన్లీ గారూ,” అంది సబైనా, అతని ముఖంలోకి చూస్తూ. “ఆ కాగితం కూడా రాసి ఉంచారా?”

ఆమె చేతిలో కలం ఉంది. సంతకం పెట్టాక తనను పెళ్ళికి అడుగుతాడేమోనని ఆమె చూస్తున్నదని అతనికి అర్థమైంది.

“కలం కింద పెట్టు, సబైనా,” అన్నాడతడు. “నేను మీ అన్న తరఫు వకీలు గుమాస్తాని. ఇందులో నీకేది మంచిదో చెప్పే హక్కు నాకు లేదు. వీధికి అవతల మరో వకీలు, కాన్మీ గారున్నారు. ఆయనకి చూపించు. ఆయన సరేనంటేనే సంతకం పెట్టు.”

“అన్నయ్యకి కోపం వస్తుంది.”

“వచ్చేసింది,” అన్నాడు ల్యూక్.

సబైనా లేచి శాలువా సర్దుకుంది. “నాతో చెప్పడానికి నీ దగ్గరున్నది ఇంతేనా, ఫెస్టస్?”

“ఈ గదిలో ఇంతే.”

ఆమె వెళ్ళాక ల్యూక్ బల్ల గుద్దాడు. “మా ఫీజు తింటూ మాకే గొయ్యి తవ్వుతావా? మీ దొరకి చెప్తానుండు!”

“చెప్పుకో. సొంత వకీలు లేకుండా ఆమె పెట్టిన సంతకం రేపు జడ్జి కొట్టేస్తే, మీ మామగారికి ఏ మొహం చూపిస్తావో అదీ ఆలోచించుకో.”

ఊళ్ళో కొందరు అతణ్ణి నిజాయితీపరుడన్నారు. కొందరు, చేతికందినదాన్ని జారవిడుచుకున్న వెర్రివాడన్నారు. రెండింటిలోనూ కొంత నిజముంది. వేరే వకీలు దగ్గరకు పంపడం వృత్తి ధర్మం. ఆమె గది పోగొట్టుకునేదాకా ఆగి, తరువాత అడగడాన్ని మాత్రం ఏ చట్టమూ నిషేధించలేదు. ఆ నిషేధం అతడు తనకు తాను విధించుకున్నది.

కాన్మీ సలహా మీద సబైనా సంతకం పెట్టలేదు. పిల్ల తండ్రి పదిహేను రోజులు బిగుసుకుని, చివరికి దిగివచ్చాడు. కొత్త కోడలు వచ్చింది. ఫోలియో అడుగున సబైనా పేరు అలాగే ఉంది.

నవంబరులో ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగిశాక, ఫెస్టస్ ఆమె పక్కన నడుస్తూ పెళ్ళి మాట అడిగేశాడు.

సబైనా అతని వైపు తిరిగింది. “ఆ రోజు అడిగుంటే సరే అనేదాన్ని. తెలుసా?”

“తెలుసు. అందుకే అడగలేదు.”

“అంత తెలిసినవాడివి, దానికి ముందు ఇరవై ఏళ్ళు ఏం చేశావయ్యా?”

ఫెస్టస్ బురద గుంట పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

“ఇన్నాళ్ళూ వాళ్ళు ఉండనిచ్చారు కాబట్టి ఉన్నాననుకున్నాను,” అందామె నెమ్మదిగా. “అది నాదని నెల కిందటే తెలిసింది. కొన్నాళ్ళు నా గదిలో నన్నుండనీ, ఫెస్టస్. తొందరపెట్టకు.”

“ఎన్నాళ్ళు?”

“చెప్తే గడువు లెక్కపెడతావ్. గుమాస్తావి కదా.”

ఆ చలికాలమంతా ఆదివారాలు ఇద్దరూ కూడలి దాకా కలిసి నడిచారు. ఆమె కాదనలేదు, అవుననీ అనలేదు. కూడలి దగ్గర ఆమె పొలాల దారి పట్టేది. రాతి గోడల మధ్య ఆమె ఎర్ర లంగా మలుపు తిరిగేదాకా అతడు వానలో నిలబడేవాడు. ఆ తరువాత ఊళ్ళోకి, అద్దె గదికి, ఎప్పటికన్నా నెమ్మదిగా నడిచి వెళ్ళేవాడు.