మేడ మీది సూడానోళ్ళు

మొన్న ఆదివారం నారాయణగూడలో నడుస్తుంటే కాఫీ పొడి కొట్టు ముందు చెప్పు తెగింది. లోపల గింజలు వేయిస్తున్నారు. పక్కనే చాయ్ బండాయన అల్లం దంచుతున్నాడు. ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలేసరికి చెప్పు సంగతి మరిచిపోయి, అశోక్‌నగర్‌లోని మా పాత ఇంటి మేడమెట్ల మీద తొమ్మిదేళ్ళ పిల్లనై నిలబడ్డాను.

తొంభైల మొదటి రోజులవి. కింద మేం నలుగురం ఉండేవాళ్ళం, మీది రెండు గదులు కిరాయికి. అమ్మా నాన్నా ఆఫీసులకు పోతే పగలంతా ఇల్లు నానమ్మ రాజ్యం. మామిడి తొక్కు జాడీలకు వాసెన కట్టడం పూర్తయి, తొలకరి చినుకులకు జామచెట్టు ఆకులు కడిగినట్టు మెరుస్తున్న ఒక పొద్దున గేటు ముందు రెండు ఆటోలు ఆగాయి. వాటిలోంచి పెట్టెలు, చుట్టిన చాపలు, ఒక పొడవాటి మనిషి, నిలువెల్లా గులాబీరంగు వస్త్రం చుట్టుకున్న ఒకావిడ, ఇద్దరు పిల్లలు దిగారు. ఆయన ఇద్రీస్, సూడాన్ నుంచి యూనివర్సిటీలో పరిశోధన చేయడానికి వచ్చాడు. ఆవిడ భార్య అమీనా. ఏడేళ్ళ హిబా, నాలుగేళ్ళ యూసుఫ్ వాళ్ళ పిల్లలు.

"మనోళ్ళెవరూ దొరకలేదా కిరాయికి? వాళ్ళ మాట మనకు తెల్వదు, మన మాట వాళ్ళకు తెల్వదు," అని నానమ్మ నాన్న మీద గొణిగింది. అయినా కిటికీ దగ్గరి నుంచి కదల్లేదు. "చీర లెక్కనే చుట్టుకున్నది గదా," అని తనలో తను అనుకుంది కూడా.

ఇద్రీస్ గారు పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి చీకటి పడేముందు వచ్చేవారు. అమీనా డాబా మీద కుంపటి పెట్టి, పచ్చి కాఫీ గింజలను చిన్న మూకుడులో నల్లబడేదాకా వేయించి, అల్లం కలిపి దంచి, సన్నమెడ మట్టికూజాలో కాచేది. పల్లీలు మెత్తగా నూరి, నిమ్మరసం పిండి, టమాటా ముక్కల్లో కలిపి పిల్లలకు పెట్టేది. నేను చూసొచ్చి చెబితే, "ఓస్, పల్లి తొక్కే గదా!" అని నానమ్మ ఆశ్చర్యపోయింది. హిబాకూ నాకూ ముక్కలు ముక్కల ఇంగ్లీషులో స్నేహం కలిసింది. నేనామెకు మిరపకాయ బజ్జీ తినిపించి వీధంతా గంతులు వేయించాను. ఆమె నాకు చేతుల మీద వాళ్ళ దేశపు నల్ల గోరింటతో పూలు వేసింది.

కానీ అమీనాకు ఈ ఊరు సయించలేదు. ఆగని ముసురుకు బట్టలు ఆరవు. బయటికొస్తే అందరూ ఆగి చూస్తారు, పిల్లల జుట్టు పట్టి లాగుతారు. కూరగాయలకు పోయి వేలు చూపించి బేరమాడలేక ఉత్త సంచితో తిరిగొచ్చింది. తర్వాత మెట్లు దిగడమే మానేసింది. మధ్యాహ్నాల్లో మీది గదిలోంచి ఏడుపు వినపడేది. ఒకరోజు హిబా జామచెట్టు కింద నిలబడి, వచ్చే నెల అమ్మా తనూ తమ్ముడూ వెళ్ళిపోతున్నామనీ, నాన్న ఒక్కడే ఉంటాడనీ చెప్పింది. నేను పరుగున వెళ్ళి నానమ్మకు చెప్పాను. ఆ సాయంత్రం నానమ్మ మోకాళ్ళ నొప్పులతో మొదటిసారి మేడ ఎక్కింది.

ఎర్రబడ్డ కళ్ళతో తలుపు తీసిన అమీనాను చూసి, కుర్చీ లాగి, "కుర్సీల కూసో బిడ్డా," అంది. అమీనా ఉలిక్కిపడింది. "కుర్సీ?" అంటూ కుర్చీని తట్టింది. "కుర్సీనే మల్ల!" అంది నానమ్మ. అమీనా అరబ్బీలోనూ కుర్చీని కుర్సీ అనే అంటారట. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ గదిలోని వస్తువులన్నీ తట్టి తట్టి చూసుకున్నారు. సబ్బు కలిసింది, కిటికీలోంచి చూపిస్తే దుకాణం కలిసింది. కాఫీ కూజా అడుగంటాక నానమ్మ చెయ్యి తిప్పి "ఖలాస్" అంటే, అదీ తమ మాటేనని అమీనా పకపకా నవ్వింది. నవ్వింది గానీ, ప్రయాణానికి సర్దిన పెట్టె మాత్రం విప్పలేదు.

బోనాల ఆదివారం వచ్చింది. అమ్మానాన్నలు ముషీరాబాద్‌లో చుట్టాలింటికి పోయారు, ఇద్రీస్ గారు లైబ్రరీకి వెళ్ళారు. పసుపు రాసిన కుండలు, వేపమండలు, సాంబ్రాణి పొగ, డప్పులు, కొరడా ఝళిపించే పోతరాజు, ఊరేగింపంతా మా వీధిలోంచి వెళ్ళింది. డప్పులు మలుపు తిరిగాక చూస్తే గేటు తెరిచి ఉంది, యూసుఫ్ లేడు.

అమీనా చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. నానమ్మ వెనకాలే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. హిబా, నేను యూసుఫ్ పేరు పిలుస్తూ ముందు నడిచాం. చిక్కడపల్లి మార్కెట్ అంతా నానమ్మ గొంతే. "అన్నా, జర చూసినవా? గింతంత పోరడు, ఎర్రంగి, ఉంగరాల జుట్టు!" పూలమ్మే ఆమె బుట్ట పక్కనున్నామెకు అప్పగించి మాతో వచ్చింది. బోనం దించిన ఆడవాళ్ళు తలోవైపు వెతకబోయారు. గుడి దగ్గర డప్పులాయనను అడిగితే, "మా ఎనకనే ఎగురుకుంట వచ్చిండమ్మా, ఏడ ఆగిండో సూడలే," అన్నాడు. ఆ మాట అర్థం కాకపోయినా, నానమ్మ ముఖం చూసి అమీనా నడిరోడ్డు మీద కూలబడింది. "లే బిడ్డా. ఫికర్ చెయ్యకు. దొరకకుంటే నేను ఇంటికి రాను," అంది నానమ్మ. రెక్క పట్టి ఆమెను లేపింది.

తిరిగి మా వీధి మొదటికి వచ్చేసరికి ఎదురుగా ఒక చిన్న ఊరేగింపు కనిపించింది. లుంగీలు, బనీన్లతో నలుగురు కుర్రాళ్ళు. ఒకరి భుజాల మీద, చేతిలో సగం అరటిపండుతో, యూసుఫ్!

వాళ్ళు సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకుంటూ వెనక వీధి హాస్టల్లో ఉంటున్నారు. "మా గేటు కాడ దొరికిండు. మీ ఇల్లేడరా అంటే ఖార్టూమ్ అంటడమ్మా," అన్నాడు భుజాల మీద మోస్తున్నతను. "ఖార్టూమంటే సూడాన్ రాజధాని, పోయిన పరీక్షల వచ్చింది నాకు. ఇగ సూడానోళ్ళ ఇల్లేదని ఇంటింటికీ అడుగుతున్నం."

"నీ సదువు సల్లగుండ బిడ్డా, ఈ పొద్దు అక్కరకొచ్చింది. నీదే ఊరు?" అని నానమ్మ అడిగింది.

"పాలమూరు దిక్కమ్మా. వచ్చి నెల కూడ కాలే. నాకు సుత ఈడ దారులు తెల్వయి."

అమీనా కొడుకును దించి, వీపు మీద ఒక్కటి చరిచి, వెంటనే ముద్దులతో ముంచెత్తి, పూలమ్మే ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం మా డాబా మీద కుర్రాళ్ళు నలుగురూ, పూలామె, బోనాల ఆడవాళ్ళూ గుండ్రంగా కూచుని చిన్న చిన్న కప్పుల్లో అల్లం కాఫీ తాగారు. "కషాయమున్నట్టున్నది," అని ముఖం చిట్లించిన నానమ్మ మూడుసార్లు పోయించుకుంది.

మర్నాడు అమీనా సంచి పట్టుకుని మెట్లు దిగింది. ఆమె రోడ్డెక్కగానే "యూసుఫ్ అమ్మా, ఇటు రా!" అని కేకలు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే పెట్టె విప్పి బట్టలు గూట్లో సర్దిందని హిబా ఆయాసపడుతూ వచ్చి చెప్పింది.

నాలుగేళ్ళున్నారు. వాళ్ళ భాషలో అమ్మమ్మనూ నానమ్మనూ "హబ్బూబా" అంటారట. వీధి పిల్లలందరికీ మా నానమ్మ హబ్బూబా అయిపోయింది. హిబా అష్టాచెమ్మాలో తొండి పెట్టి, "నేనేడ పెట్టిన? జూటా మాటలు!" అని అచ్చం మాలాగే దబాయించేది. రంజాన్‌కు వాళ్ళ ఖర్జూరాలు కిందికి, బతుకమ్మకు మేం బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పైకి వెళ్ళేవి. ఇద్రీస్ గారికి యూనివర్సిటీ పట్టా చేతికి వచ్చాక వాళ్ళు వెళ్ళిపోయారు. ఆటో కదిలాక నానమ్మ మేడ ఎక్కి, ఊడ్చిన గదులను మళ్ళీ ఒకసారి ఊడ్చింది.

హిబా ఉత్తరాలు రెండేళ్ళు వచ్చాయి. నానమ్మ పోయాక మేం ఇల్లు అమ్మి నల్లకుంటకు మారాం. మారిన చిరునామా రాసిన నా ఉత్తరం నెలల తర్వాత నాకే తిరిగొచ్చింది.

మొన్న చెప్పు కుట్టించుకుని ఆ వీధికి వెళ్ళాను. జామచెట్టు లేదు, డాబా లేదు. ఆ జాగాలో అయిదంతస్తుల హాస్టల్ లేచింది. గేటు దగ్గరి వాచ్‌మన్‌ను, పాత ఇంటి నంబరు మీద ఉత్తరాలేమైనా వస్తాయా అని అడిగాను.

"ఉత్తరాలా? ఇప్పుడెవరు రాస్తరక్కా?"

"ఒకామె రాయొచ్చు," అన్నాను. నా ఫోన్ నంబరు కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టి వచ్చాను.